దెబ్బకూ దెబ్బకూ నడుమ: పొటాషియం తూములు, మెదడులోని లయ

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఇతర శ్రోతల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం. పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, ఆదివారం పూట కూడా చదువు మాట వినడానికి వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

మొదట ఒక ప్రశ్న. మెదడులోని విద్యుత్ అలలను తల మీది నుంచి నమోదు చేసే ఈఈజీ పరీక్ష జరుగుతుండగా దగ్గర నిలబడి చూసినవారు మీలో ఎందరున్నారు? నాలుగైదు చేతులే లేచాయి. సరే, అయితే ఆ గది నుంచే మొదలుపెడతాను. పదేళ్ళ పిల్లను పరీక్షకు తెచ్చారనుకోండి. నూనె జిడ్డు లేకుండా తలస్నానం చేయించి తీసుకురమ్మని ముందే చెబుతారు. టెక్నీషియన్ టేపుతో తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, ప్రతి గుర్తు దగ్గరా వెంట్రుకలను పాయ తీసి, చర్మాన్ని గరుకు పేస్టుతో కొద్దిగా రుద్ది, అక్కడ ఒక చిన్న లోహపు బిళ్ళను అంటిస్తాడు. అలాంటివి సుమారు 20 ఉంటాయి. పిల్ల బెదురుగా తల్లి కొంగు పట్టుకుని పడుకుని ఉంటుంది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు తెరమీద గీతలన్నీ సన్నగా, చిందరవందరగా కదులుతుంటాయి. "కళ్ళు మూసుకో బిడ్డా" అంటాడు టెక్నీషియన్. పిల్ల కళ్ళు మూస్తుంది. మూసీ మూయగానే తల వెనుక భాగం నుంచి వచ్చే గీతల్లో నునుపైన అలలు లేస్తాయి. సెకనుకు తొమ్మిదో పదో, ఒకదాని వెంట ఒకటి, గాలికి వరిచేను ఊగినట్టు. తెరవమంటే పోతాయి. మూయమంటే మళ్ళీ వస్తాయి. ముప్పై ఏళ్ళుగా ఫిజియాలజీ పాఠం చెబుతున్నాను. ఆ అలలు లేచే క్షణాన్ని ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

మనిషి తల మీద ఆ అలలను తొలిసారి నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా నగరంలో పనిచేసిన హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు. 1924లో నమోదు చేశాడు, ప్రచురించింది మాత్రం 1929లో. సెకనుకు 8 నుంచి 13 సార్లు వచ్చే ఆ అలకు ఆల్ఫా అన్న పేరు ఆయన పెట్టిందే. సెకనుకు నాలుగు కంటే తక్కువగా, గాఢనిద్రలో వచ్చేవి డెల్టా, 4 నుంచి 8 దాకా తీటా, 13 నుంచి 30 దాకా బీటా, ఆపైన గామా. పేర్లు గుర్తుపెట్టుకోకపోయినా నష్టం లేదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: తల చర్మం మీద ఆ అల ఎత్తు కొన్ని పదుల మైక్రోవోల్టులు మాత్రమే. టార్చిలైటులో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టు. 50 మైక్రోవోల్టుల అల అందులో ముప్పై వేలవ వంతు.

అంత చిన్న సంకేతం ఎముకనూ చర్మాన్నీ దాటి బయటికి ఎలా వినిపిస్తున్నది? ఒక్క నాడీకణం వల్ల అయ్యే పని కాదు. సద్దుల బతుకమ్మ నాడు వేయి స్తంభాల గుడి దగ్గర ఒక్క ఆడబిడ్డ చప్పట్లు కొడితే ఆ వీధి చివరిదాకా కూడా వినిపించదు. వందలమంది ఒకే అడుగుతో వంగి ఒకేసారి చప్పట్లు కొడితే దూరాన రోడ్డు మీద పోయేవారికీ వినిపిస్తుంది. మెదడులోనూ అంతే. లక్షల కణాలు ఒకే వేళకు కలిసి ఎగిసి, ఒకే వేళకు కలిసి తగ్గితేనే ఆ బిళ్ళ దాకా సంకేతం చేరుతుంది. అయితే ఆ వేళను పట్టి ఉంచుతున్నది ఎవరు? బతుకమ్మ ఆటలో పాట ఉంది. మెదడులో ఏమున్నది?

ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఒక్క సాయంత్రంలో చెప్పగలిగేది కాదు. కణాల మధ్య అల్లికలున్నాయి, రసాయనాలున్నాయి, క్యాల్షియం ఉన్నది, సోడియం ఉన్నది. వాటిలో ఒక్కదానినే నేను ఈ రోజు పట్టుకుంటాను, ఎందుకంటే దానికి దక్కవలసిన గౌరవం మన పాఠాల్లో దక్కడం లేదని నా బాధ. అది పొటాషియం ఛానెల్. నాడి ఎలా పేలుతుందో అందరం చెబుతాం. ఎలా ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో రెండు వాక్యాల్లో దాటేస్తాం.

డప్పు మీకు తెలిసిందే. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. నిప్పుల సెగకు తోలు కాచి బిగువెక్కించి కొడతారు. ఇప్పుడు చెప్పండి, ఒక దరువుకూ ఇంకొక దరువుకూ తేడా ఎక్కడున్నది? దెబ్బ అదే దెబ్బ. తోలు అదే తోలు. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న ఎడం మారుతుంది, అందుకే దరువు మారుతుంది. మెదడులో దెబ్బ సోడియానిది. ఎడం చాలావరకు పొటాషియానిది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగిలినదంతా దాని వివరమే.

ఇప్పుడు కణం దగ్గరికి వద్దాం. మనం కాకతీయుల చెరువుల కింద బతికినవాళ్ళం. పాకాల, రామప్ప, లక్నవరం చూడనివారు ఇక్కడ ఉండరు. చెరువుకు కట్ట ఉంటుంది, కట్టలో తూము ఉంటుంది. నాడీకణానికి కట్ట ఏమిటంటే దాని చుట్టూ ఉండే కొవ్వు పొర. మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఐదు భాగాలు. కట్టకు లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌లు. బయట, మెదడు కణాల చుట్టూ ఉండే ద్రవంలో 3 మాత్రమే. సోడియం దీనికి తలకిందులు, బయట ఎక్కువ, లోపల తక్కువ. ఆ కట్టలో తూములున్నాయి. అవే ఛానెళ్ళు; నీళ్ళకు తూము ఎలాగో అయాన్లకు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులకు, ఛానెల్ అలాగ.

కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా కొన్ని పొటాషియం తూములు తెరిచే ఉంటాయి. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పొటాషియం బయటికి పోజూస్తుంది. పొటాషియం అయాన్ మీద ధనావేశం ఉన్నది కదా, అది పోయినకొద్దీ లోపల రుణావేశం మిగులుతుంది. ఆ రుణావేశమే వెళ్ళబోయే పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. తోసే బలమూ లాగే బలమూ సమానమయ్యే చోటు సుమారు మైనస్ 100 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. సోడియం కూడా కొద్దికొద్దిగా లోనికి కారుతుంటుంది గనుక కణం సుమారు మైనస్ 70 దగ్గర నిలబడుతుంది. పొటాషియాన్ని మాత్రమే పోనిచ్చే పొర వల్లనే ఈ వోల్టేజి వస్తుందని యూలియస్ బెర్న్‌స్టైన్ 1902లోనే ఊహించాడు. 70 మిల్లీవోల్టులే కదా అని తేలికగా తీసుకోకండి. ఐదు నానోమీటర్ల మందం మీద 70 మిల్లీవోల్టులంటే, మీటరుకు లెక్క కడితే కోటీ నలభై లక్షల వోల్టులు. ప్రతి కణం పొర మీద, ఇప్పుడు, మీరు కూర్చున్న చోటే.

కారిపోయినదాన్ని తిరిగి ఎక్కించే ఏతం కూడా ఉన్నది. మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే పంపు అది. 1957లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ పీతల నరాల్లో దాన్ని గుర్తించాడు, 1997లో నోబెల్ వచ్చింది. శరీరం బరువులో రెండు శాతం ఉండే మెదడు శరీరం వాడే శక్తిలో ఐదో వంతు వాడుకుంటుందని వింటుంటారు. అందులో పెద్ద వాటా ఈ ఏతం తొక్కడానికే పోతుంది.

తూములు తెరుచుకుంటే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. సోడియం తూము తెరిస్తే ధనావేశం లోపలికి దూకుతుంది, కణం ఉద్రేకిస్తుంది. పొటాషియం తూము తెరిస్తే ధనావేశం బయటికి పోతుంది, కణం శాంతిస్తుంది. విద్యార్థులు ఇక్కడే తడబడతారు కనుక మళ్ళీ చెబుతున్నాను. పొటాషియం తూము తెరుచుకుంటే కణం శాంతిస్తుంది. మూసుకుంటే ఉద్రేకానికి దగ్గరవుతుంది.

నాడీ స్పందనలో ఈ రెండూ ఏ వరుసలో తెరుచుకుంటాయో లెక్క కట్టి చూపినవారు ఇంగ్లండుకు చెందిన అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ. స్క్విడ్ అనే సముద్రజీవి శరీరంలో దాదాపు ఒక మిల్లీమీటరు లావుండే నాడీతంతువు ఉంటుంది. లోపలికి సన్నని తీగ దూర్చగలిగేంత లావు. దాని మీద ప్రయోగాలు చేసి 1952లో ప్రచురించారు. కేంబ్రిడ్జిలో కంప్యూటరు అందుబాటులో లేని రోజులవి, హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద సమీకరణాలన్నీ సాధించాడు. వారు చూపింది ఇది: పొర వోల్టేజి ఒక గడప దాటగానే సోడియం తూములు తటాలున తెరుచుకుంటాయి, వోల్టేజి పైకి దూకుతుంది, అదే వోల్టేజికి పొటాషియం తూములు కూడా స్పందిస్తాయి, కానీ ఆలస్యంగా. ఆ ఆలస్యమే కీలకం. సోడియం తన పని ముగించుకుని మూసుకుంటున్న వేళకు పొటాషియం తెరుచుకుని వోల్టేజిని కిందికి లాగుతుంది. లాగి, ఉండవలసిన మట్టం కంటే ఇంకొంచెం కిందికి దించుతుంది. అది తిరిగి పైకి వచ్చేదాకా తరువాతి దెబ్బ పడడం కష్టం. ఎడం అక్కడే పుట్టింది.

ఒక చిన్న విషయం చెప్పకుండా ముందుకు పోలేను. వారి లెక్కలో పొటాషియం ప్రవాహం ప్రయోగంతో సరిపోవాలంటే ఒక రాశిని నాలుగో ఘాతానికి ఎత్తవలసి వచ్చింది. నాలుగు ఎందుకు? నాలుగు భాగాలు కలిసి కదిలితేనే తూము తెరుచుకుంటుందన్నట్టుగా ఆ అంకె కనిపిస్తుంది. అప్పటికి ఛానెల్ అనే వస్తువును కళ్ళతో చూసినవాడు లేడు. నాలుగు దశాబ్దాల తరువాత తేలింది, పొటాషియం ఛానెల్ నిజంగానే నాలుగు ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా కూర్చుంటే ఏర్పడిన ద్వారమని. లెక్కలు చదివే పిల్లలు ఇక్కడ ఉన్నారు కదా, మీకోసమే చెప్పాను.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. సోడియం అయాన్ చిన్నది, వ్యాసార్థం 0.95 ఆంగ్‌స్ట్రామ్‌లు. పొటాషియం అయాన్ పెద్దది, 1.33. పొటాషియం ఛానెల్ పెద్దదాన్ని పోనిస్తుంది, చిన్నదాన్ని ఆపుతుంది. జల్లెడ పట్టిన చెయ్యి ఏదైనా ఇది విని ఒప్పుకుంటుందా? పెద్ద గింజ జారిపోయి చిన్న నూక నిలిచిపోయే జల్లెడ ఎక్కడైనా ఉందా? పైగా తీరికగా ఏరుకునే పని కూడా కాదు. ఒక్క ఛానెల్ గుండా సెకనుకు పది కోట్ల అయాన్ల దాకా పోగలవు, అంత వేగంలోనూ వేల పొటాషియం అయాన్లకు ఒక్క సోడియం పొరపాటున దూరితే దూరవచ్చు.

ఈ చిక్కుముడిని 1998లో రోడరిక్ మెకిన్నన్ బృందం విప్పింది. వారు తీసుకున్నది స్ట్రెప్టోమైసిస్ జాతికి చెందిన ఒక నేల బ్యాక్టీరియాలోని పొటాషియం ఛానెల్. తొలకరి చినుకు పడగానే చేనులోంచి వచ్చే మట్టివాసన ఉన్నది చూశారూ, ఆ వాసన పుట్టించేది ఆ జాతి సూక్ష్మజీవులే. వాటి ఛానెల్‌ను స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాలతో దాని రూపం కనుక్కున్నారు. 2003లో మెకిన్నన్‌కు నోబెల్ ఇచ్చారు.

లోపల ఏమున్నదో వినండి. నీటిలో ఉన్నప్పుడు పొటాషియం అయాన్ చుట్టూ నీటి అణువులు మూగి ఉంటాయి, వాటి ఆక్సిజన్ వైపు అయాన్‌కు తిరిగి ఉంటుంది. ఛానెల్ ఇరుకు భాగంలోకి నీటితో సహా దూరలేదు, ఆ నీటిని వదిలించుకోవాలి. వదిలించుకోవడానికి శక్తి కావాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఛానెల్ గోడలకు వరుసగా ఆక్సిజన్ పరమాణువులు లోపలి వైపుకు తిరిగి ఉన్నాయి. పొటాషియం లోపలికి రాగానే పైన నాలుగు, కింద నాలుగు, మొత్తం ఎనిమిది ఆక్సిజన్లు దాన్ని సరిగ్గా నీళ్ళు పట్టుకున్నట్టే పట్టుకుంటాయి. పొటాషియానికి నీళ్ళలో ఉన్నట్టే ఉంటుంది. సోడియం చిన్నది కనుక అన్ని గోడలకూ ఒకేసారి ఆనలేదు. నీటిని వదిలినందుకు దానికి సరైన బదులు దొరకదు, అందుకే అది వెనక్కి పోతుంది. ఇరుకు చేదబావిలోకి దిగే మనిషిని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పెద్దవాడు రెండు కాళ్ళూ రెండు చేతులూ ఎదురెదురు గోడలకు తన్ని పట్టి, అంచెలంచెలుగా దిగుతాడు. చిన్నపిల్లవాడికి ఆ బావి విశాలమే, కానీ వాడి కాలు అవతలి గోడకు అందదు. చిన్నవాడు కావడమే వాడికి అడ్డం.

సరే, వడపోత అన్ని పొటాషియం ఛానెళ్ళలోనూ ఇంచుమించు ఇదే. మరి మెదడు రకరకాల లయలు ఎలా పలికిస్తుంది? తలుపుల్లో తేడా ఉన్నది. మనిషిలో పొటాషియం ఛానెళ్ళకు సంబంధించిన జీన్లు సుమారు 80 ఉన్నాయి. కొన్ని వోల్టేజికి తెరుచుకుంటాయి, కొన్ని క్యాల్షియానికి, కొన్ని రసాయన సంకేతానికి. కొన్ని ఎప్పుడూ ఓరవాకిలిగా ఉంటాయి. కొన్ని ఒక మిల్లీసెకనులో మూసుకుంటాయి, కొన్ని వంద మిల్లీసెకన్ల పైన పట్టి ఉంచుతాయి. ఎన్ని రకాల తలుపులో అన్ని రకాల ఎడాలు.

వేగవంతమైన కొసను చూడండి. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో కొన్ని నిరోధక కణాలున్నాయి, పార్వాల్‌బ్యూమిన్ కణాలంటారు. వాటిలో కేవీ3 అనే పొటాషియం ఛానెల్ దండిగా ఉంటుంది. ఇది వోల్టేజి బాగా పైకి వెళ్ళాకే తెరుచుకుంటుంది, దిగగానే చటుక్కున మూసుకుంటుంది. అందుకే దెబ్బ చాలా సన్నగా ఉంటుంది, కణం వెంటనే తరువాతి దెబ్బకు సిద్ధపడుతుంది, సెకనుకు రెండు వందలకు పైగా కూడా పలకగలదు. అలాంటి ఒక్కొక్క కణం చుట్టుపక్కల వందల ప్రధాన కణాలకు ఒకేసారి "ఆగు" అని చెబుతుంది. అన్నీ కలిసి ఆగినవి కలిసే లేస్తాయి. మళ్ళీ ఆగు, మళ్ళీ లే. సెకనుకు 30 నుంచి 80 సార్లు వచ్చే గామా లయ అక్కడ తయారవుతుంది. మనం దేనిమీదైనా మనసు పెట్టి చూస్తున్నప్పుడు ఆ లయ బలపడుతుంది.

నెమ్మది కొసకు వస్తే నిద్ర. మెదడు నడిమధ్య థాలమస్ అనే భాగం ఉన్నది; కంటి నుంచి, చెవి నుంచి వచ్చే కబురు దాదాపు అంతా అక్కడ ఆగి కార్టెక్స్‌కు పోతుంది. మెలకువలో ఎసిటైల్‌కోలిన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలు థాలమస్ కణాల పొటాషియం తూములను కొంత మూసి ఉంచుతాయి. కణం గడపకు దగ్గరగా ఉంటుంది, వచ్చిన కబురును వచ్చినట్టే పంపుతుంది. నిద్ర వచ్చే వేళకు ఆ రసాయనాలు తగ్గుతాయి, పొటాషియం తూములు తెరుచుకుంటాయి, కణం వోల్టేజి దిగుతుంది. ఇక్కడొక విశేషం జరుగుతుంది. వోల్టేజి బాగా దిగితేనే సిద్ధమయ్యే ఒక క్యాల్షియం ఛానెల్ ఆ కణాల్లో ఉన్నది. అది సిద్ధపడి ఒక్కసారిగా తెరుచుకుంటుంది, దెబ్బలు గుంపుగా పడతాయి. లోపలికి వచ్చిన ఆ క్యాల్షియమే ఎస్‌కే అనే ఇంకొక పొటాషియం ఛానెల్‌ను తెరుస్తుంది, వోల్టేజి మళ్ళీ దిగుతుంది. దిగింది కనుక క్యాల్షియం ఛానెల్ మళ్ళీ సిద్ధం. పొటాషియం క్యాల్షియానికి దారి చేస్తుంది, క్యాల్షియం పొటాషియాన్ని పిలుస్తుంది. ఈ ఊగులాట సెకనుకు 11 నుంచి 15 సార్లు జరిగి, అర సెకను నుంచి రెండు సెకన్లు సాగి అణగిపోతుంది. ఈఈజీలో అది నూలు కండె ఆకారంలో, మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా కనిపిస్తుంది. దానికి పెట్టిన పేరు కూడా స్పిండిల్, అంటే కదురే. వరంగల్ నేతగాళ్ళ ఊరు కనుక ఆ ఆకారాన్ని మీకు బొమ్మ వేసి చూపనక్కరలేదు.

ఇంకా గాఢంగా నిద్రపోతే సెకనుకు ఒకటి కంటే తక్కువగా వచ్చే మహా నెమ్మది అల ఉన్నది. 1993లో మిర్చా స్టెరియాడె దాన్ని వివరంగా వర్ణించాడు. కార్టెక్స్ కణాలన్నీ కొంతసేపు మాట్లాడి, అన్నీ కలిసి మౌనం పాటిస్తాయి. ఆ మౌనంలోనూ పొటాషియం ప్రవాహాలకు భాగం ఉన్నది. నిద్రకూ పొటాషియానికీ ఉన్న సంబంధాన్ని ఈగలు కూడా చెప్పాయి. ఈథర్ మత్తులో కాళ్ళు వణికించే ఒక పండ్ల ఈగ రకం ఉన్నది, అందుకే ఆ జీన్‌కు షేకర్ అని పేరు పెట్టారు. 1987లో ఆ జీన్‌ను విడదీసి చూస్తే అది పొటాషియం ఛానెల్‌ది. ఇలాంటి ఛానెళ్ళలో అక్షరక్రమం చదవగలిగిన మొదటి జీన్ అదే. 2005లో తెలిసిందేమంటే, షేకర్‌లో మార్పున్న ఒక ఈగ మామూలు ఈగ నిద్రపోయే సమయంలో మూడో వంతే నిద్రపోతుంది. ఆపరేషన్ థియేటర్లో ఇచ్చే హాలోథేన్, ఐసోఫ్లూరేన్ మత్తులు కూడా ఎప్పుడూ ఓరగా ఉండే కొన్ని పొటాషియం తూములను ఇంకా బార్లా తెరుస్తాయి. వాటిలో ట్రెక్-1 అనే ఛానెల్ లేని ఎలుకలకు మత్తు తొందరగా ఎక్కదు.

ఈ ఛానెళ్ళను విడివిడిగా ఎలా గుర్తుపట్టారని మీరు అడగవచ్చు. చాలావరకు విషాల సాయంతోనే. మన రాళ్ళ కింద, పిడకల కుప్పల్లో ఉండే ఎర్ర తేలు విషంలో 37 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఒకటున్నది, ఐబీరియోటాక్సిన్. బీకే అనే పెద్ద పొటాషియం ఛానెల్ నోటికి అది బిరడా పెట్టినట్టు అతుక్కుంటుంది, మిగతావాటి జోలికి పోదు. ప్రపంచంలో ఎక్కడ బీకే ఛానెల్ మీద ప్రయోగం చేసినా ఆ విషం అలమారాలో ఉంటుంది. తేలు కుట్టినప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం ప్రధానంగా సోడియం ఛానెళ్ళ మీద పనిచేసే వేరే ప్రోటీన్లు.

ఇప్పుడు మా బంధువుల ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. పుట్టిన మూడోనాడు ఒక పాపకు ఫిట్స్ వచ్చాయి. ఒక చేయి బిగుసుకుని, ముఖం నీలంగా మారి, ఊపిరి క్షణం నిలిచిపోయి, మళ్ళీ మామూలుగా పాలకు ఏడ్చేది. రోజుకు ఆరేడు సార్లు. మొదట తీసుకుపోయిన చోట, బాలింత సరిగా పాలు పట్టకపోవడం వల్లనేనని తల్లిని నిందించి పంపారు. పచ్చి బాలింత, ఆ మాటతో ఎంత కుమిలిపోయిందో నేను చూశాను. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. తరువాత చూపించిన చోట ఒక పెద్ద డాక్టరు ఒకే ప్రశ్న అడిగారు: "మీ రెండు కుటుంబాల్లో పసితనంలో ఇలా ఎవరికైనా వచ్చి తగ్గిందా?" పక్కనే ఉన్న నాయనమ్మ అన్నది, "వీళ్ళ నాయనకు వచ్చింది సారూ, నాలుగో నెలకు పోయింది." రోగ నిర్ధారణ సగం అక్కడే అయిపోయింది.

ఆ జబ్బు పేరు కుటుంబ నవజాత మూర్ఛ. దీని వెనుక ఉన్నది ఎమ్ ప్రవాహం అనే పొటాషియం ప్రవాహం. 1980లో బ్రౌన్, ఆడమ్స్ అనే ఇద్దరు కప్ప నాడీకణాల్లో దాన్ని కనుగొన్నారు. ఇది నెమ్మదిగా తెరుచుకుంటుంది, నెమ్మదిగా మూసుకుంటుంది. కణం గడపకు దగ్గరవుతున్నప్పుడు వెనుక నుంచి చెయ్యి పట్టి ఆపే పెద్దమనిషి వంటిది. ఎసిటైల్‌కోలిన్ వచ్చి ఆ చేతిని విడిపిస్తే కణం చురుకవుతుంది. జ్ఞాపకాలకు నెలవైన హిప్పోక్యాంపస్ కణాలు తీటా వేగానికి తేలికగా ఊగడంలోనూ దీని పాత్ర ఉన్నది. 1998లో ఒకే ఏడాది తేలిన సంగతులు రెండు: ఈ ఛానెల్‌ను కట్టేవి కేసీఎన్‌క్యూ2, కేసీఎన్‌క్యూ3 అనే జీన్లు, ఆ కుటుంబాల్లో మార్పు ఉన్నది కూడా ఆ జీన్లలోనే. పెద్దల మెదడులో ఆపే సాధనాలు ఇంకా చాలా ఉన్నాయి. పుట్టిన కొత్తలో అవి ఎదగవు, గాబా అనే ప్రధాన నిరోధక రసాయనం కూడా అప్పటికి పూర్తిగా నిరోధకంగా మారదు. అందుకే ఎమ్ ప్రవాహం కొంచెం తగ్గినా పసికందు తట్టుకోలేదనీ, మిగతావి ఎదిగాక ఫిట్స్ వాటంతట అవే ఆగుతాయనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆ పాపకు అలాగే ఆగిపోయాయి. కానీ అదే కేసీఎన్‌క్యూ2 జీన్‌లో వేరే రకం మార్పులు ఎదుగుదలనే దెబ్బతీసే తీవ్రమైన మూర్ఛ తెస్తాయి కనుక ప్రతి బిడ్డనూ నిపుణులు చూడవలసిందే. ఈ ఛానెల్‌ను తెరిచే రెటిగాబిన్ అనే మందు 2011లో పెద్దల మూర్ఛకు అనుమతి పొందింది; చర్మమూ కంటిలోపలి పొరా నీలిరంగుకు మారడం వంటి కారణాలతో వాడకం తగ్గిపోయి 2017లో మార్కెట్టు నుంచి తీసేశారు. దానికంటే మెరుగైన మందుల కోసం పని నడుస్తున్నది.

ఇంతవరకు కట్టకు లోపలి సంగతి చెప్పాను. బయటికి పోయిన పొటాషియం ఏమవుతుంది? మేము చదువుకున్న రోజుల్లో పొగ పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము ఉండేది. కప్ప గుండెకు దారం కట్టి, దాన్ని ఒక పుల్లకు తగిలిస్తే, గుండె కొట్టుకున్నప్పుడల్లా పుల్ల మొన ఆ మసి మీద తెల్లని అల గీసేది. గుండె మీద పొటాషియం క్లోరైడు ద్రావణం కొన్ని చుక్కలు వేయగానే అలలు కురచబడి, కురచబడి, గీత చదునైపోయేది. గుండె సడలి ఆగిపోయేది. శరీర ద్రవాన్ని పోలిన ఉప్పునీళ్ళు, రింగర్ ద్రావణంతో కడిగితే కాసేపటికి ఒక చిన్న అల, తరువాత ఇంకొకటి. ఆ చదును గీత నా కళ్ళలో ఇప్పటికీ ఉన్నది. కట్టకు బయట పొటాషియం పెరిగితే ఏమవుతుందో దానికంటే స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

మెదడులో ఆ పరిస్థితి రాకుండా ఆస్ట్రోసైట్లు అనే, నాడీకణాలకు తోడుగా ఉండే కణాలు కాపాడతాయి. వాటి పొరలో కేఐఆర్4.1 అనే ఛానెళ్ళు నిండి ఉంటాయి. ఎక్కువైన చోట పొటాషియాన్ని పీల్చుకుని, తక్కువ ఉన్న చోటికి పంచుతాయి. ఫిట్స్ సమయంలో బయటి పొటాషియం 3 నుంచి 10, 12 దాకా పోతుంది. అదుపు పూర్తిగా తప్పి ఇంకా పైకి పోతే కణాలన్నీ మూగబోయే ఒక అల కార్టెక్స్ మీద నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతుంది. 1944లో బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు లియావొ దాన్ని వర్ణించాడు. మైగ్రేన్ ముందు కళ్ళముందు మెరుపు గీతలు మెల్లగా జరుగుతాయే, అవి ఆ అల నడకే. దీనికి ఇంకొక వైపు కూడా ఉన్నది. 2016లో ఎలుకల మీద తేలిందేమంటే, నిద్రలోకి జారితే ఆ బయటి పొటాషియం తగ్గుతుంది, మేలుకుంటే పెరుగుతుంది. ఆ ద్రవంలో అయాన్ల పాళ్ళు మారిస్తే చాలు, మెదడు నిద్ర మెలకువల స్థితి కూడా మారుతుంది. లయ వల్ల పొటాషియం మారుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాం, పొటాషియం వల్ల లయ కూడా మారుతుందన్నమాట.

సభికుల ప్రశ్నలు

వెనుక వరుసలోని తమ్ముడు కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు తింటే మెదడు చురుకవుతుందా అని అడుగుతున్నాడు. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్‌ల మధ్య ఉండేటట్టు మూత్రపిండాలు కాపాడతాయి, రక్తానికీ మెదడుకూ నడుమ ఇంకొక అడ్డుగోడ ఉన్నది. కనుక ఒక పండు తిన్నంత మాత్రాన మెదడులో మట్టం మారదు. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఎక్కువ తినవద్దు. కప్ప గుండె సంగతి ఇప్పుడే విన్నారు.

అమ్మా, మీ ప్రశ్న చాలా ముఖ్యమైనది. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెడితే ఆగిపోవడం తాను కళ్ళారా చూశానని ఈ తల్లి అంటున్నారు. మీరు చూసింది అబద్ధం కాదు. చాలామందికి ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. కణాలు అదుపు లేకుండా పేలినకొద్దీ లోపలికి క్యాల్షియం చేరుతుంది, అది పొటాషియం తూములను తెరుస్తుంది. కణాలు అలిసిన కొద్దీ అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అదీ మరికొన్ని పొటాషియం తూములను తెరుస్తుంది. ఇంకా కొన్ని కారణాలు కలుస్తాయి, మంట చల్లారుతుంది. ఇంట్లోవాళ్ళు తాళంచెవులు వెతికి తెచ్చేసరికి ఆ పని లోపల సగం అయిపోయే ఉంటుంది. ఇనుము ఏమీ చేయలేదు. కాబట్టి ఆ నిమిషాన్ని వెతుకులాటకు పోనివ్వకండి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తని గుడ్డ పెట్టండి, నోట్లో నీళ్ళు గానీ చెంచా గానీ ఏదీ పెట్టవద్దు, కాళ్ళూ చేతులూ అదిమి పట్టవద్దు, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.